బైపీసీ తర్వాత ఇంకో దారి: అనంతపురం ల్యాబ్ చదువుల వెనక కథ

మన అనంతపురంలో బైపీసీ పాసైన పిల్లల్ని అడగండి, ఎంబీబీఎస్ అంటారు, లేదంటే నర్సింగ్. ల్యాబ్, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ చదువులు చాలామందికి చివర్లో గుర్తొస్తాయి. వాటి వెనక కథేంటో చూద్దాం.

1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ కరువు సీమకు వచ్చారు. ఆయన మొదలుపెట్టిన ఆర్‌డీటీ, ఊళ్ళలోని ఆడవాళ్ళకే తర్ఫీదు ఇచ్చి ఆరోగ్య కార్యకర్తల్ని తయారు చేసింది. డాక్టర్ ఊరికి రాని రోజులవి. 2000లో బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి వచ్చింది, అదే ఏడు అనంతపురంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ. ఆసుపత్రి అన్నాక డాక్టర్ ఒక్కడితో నడవదు కదండీ! రక్తం పరీక్ష చేసేవాళ్ళు, ఎక్స్‌రే తీసేవాళ్ళు కావాల్సిందే.

మరి వాళ్ళ చదువుకు లెక్కాపత్రం? నర్సులకు 1947లోనే కేంద్ర చట్టం ఉంది, ఫార్మసిస్టులకు 1948లో. ల్యాబ్ టెక్నీషియన్లకు మాత్రం 2021 దాకా ఆగాల్సి వచ్చింది! డెబ్బై ఏళ్ళు పైనే. నాకైతే ఇది చిన్న ఆలస్యం అనిపించదు. ఆ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ చదువు కనీసం 2000 గంటలు ఉండాలి.

వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా అప్పు చేసి ఫీజు కట్టే నాన్నకు ఈ అంకె ముఖ్యం. రెండు గదుల్లో ఆర్నెల్లు నేర్పి సర్టిఫికెట్ ఇస్తామంటే, ఈ లెక్క అడగండి. డిగ్రీకైతే యూనివర్సిటీ, డిప్లొమాకైతే సంబంధిత రాష్ట్ర సంస్థ అనుమతి కాగితం చూపించమనండి.