వాణిజ్యవిద్యాపీఠ ప్రవేశము : నాఁడు, నేఁడు

మహాసభాసంచికకు నొక చరిత్రవ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శులు మమ్ముఁ గోరిరి. రాజవంశములను గూర్చియు, గోత్రప్రవరలను గూర్చియు నిట్టి సంచికలలోఁ బెద్దలు పెక్కురు వ్రాసియున్నారు. మేము మాత్రము మన బాలబాలికల కిప్పు డత్యంతావశ్యకమైన యొక విషయమును జరిత్రదృష్టితోఁ బరిశీలింపఁ దలఁచితిమి. అది, ఎల్లరును ఎం.బి.ఏ. యని పిలుచు వాణిజ్యనిర్వహణవిద్యలోఁ బ్రవేశమునకై దరఖాస్తు పెట్టుకొను పద్ధతి.

వాణిజ్యమును విద్యగా నెంచుట మనకుఁ గ్రొత్త గాదు. కౌటిల్యుఁడు తన అర్థశాస్త్రమున విద్యలను నాలుగుగా విభజించి, కృషి పాశుపాల్య వాణిజ్యములకు ‘వార్త’ యని పేరిడి, దాని నం దొకటిగాఁ జేర్చెను. చిరకాలము మఱుఁగుపడియున్న యా గ్రంథమును మైసూరున శామశాస్త్రిగారు వెలికిఁ దెచ్చి 1909లోఁ బ్రకటించిరి. అయినను మన గోదావరీమండలమున వర్తకము నేర్చినవారు శాస్త్రము చదివి నేర్చినవారు కారు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, కాలువలపై ధాన్యపు పడవలు సాగిన పిమ్మట నిచ్చట వర్తకము విస్తరిల్లెను. కొట్టులో గుమాస్తాగాఁ జేరఁగోరు బాలునిఁ దండ్రియో మేనమామయో వెంటఁ దీసికొనిపోయి, “వీఁడు మనవాఁడండీ” యని షావుకారున కప్పగించువాఁడు. అదియే దరఖాస్తు, అదియే సిఫారసు. బాలుఁడు నోరు తెఱవ నక్కఱలేదు. చిట్టా వ్రాయుట, ఆవర్జా తేల్చుట, సరకు చేతఁబట్టి ధర చెప్పుట యేండ్ల తరబడి కొట్టులోనే నేర్చెడివాఁడు. ఈ పద్ధతిలో గుణము గలదు. నేర్పు చేఁతవలన వచ్చెడిది. దోషమును గలదు, ‘మనవాఁడు’ కానివానికిఁ దలుపు తెఱచుకొనెడిది కాదు. కులసంఘపు సంచికలో నీ మాట వ్రాయుట కొంత సాహసమే యైనను, చరిత్ర వ్రాయఁబూనినవాఁడు దీనిని దాఁచరాదు.

పాశ్చాత్యదేశములందు వర్తకమును విశ్వవిద్యాలయమునఁ జెప్పవచ్చునను తలంపు పందొమ్మిదవ శతాబ్దిలో బలపడెను. అమెరికాలో ఫిలడెల్ఫియాయందు 1881లో వార్టన్ విద్యాలయమును, 1908లో హార్వర్డు వాణిజ్యవిద్యాలయమును వెలసినవి. మన దేశమున 1913లో బొంబాయిలో సిడెన్‌హాం వాణిజ్యకళాశాల యేర్పడెను. రాజమహేంద్రవరమున 1853 నాఁటి పాఠశాల 1873లోఁ గళాశాలయైనది గాని, మనవారు దానిని ముఖ్యముగా సర్కారు కొలువునకును, వకీలు వృత్తికిని సోపానముగానే తలంచిరి. 1926లో నవతరించిన ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరున 1957లో వాణిజ్యనిర్వహణవిద్యను బ్రవేశపెట్టెను. భారతదేశమున నీ చదువును మొదట నారంభించిన విశ్వవిద్యాలయములలో నది యొకటి యగుట మన కెల్లరకు గర్వకారణము. 1961లోఁ గలకత్తా, అహమ్మదాబాదు నగరములందు ఐ.ఐ.ఎం.లు స్థాపింపఁబడినవి, 2015లో విశాఖపట్టణమునఁ గూడ నొకటి వచ్చినది. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ మేర్పడుటచే నున్నతవిద్య మన గడపకు మఱింత చేరువయ్యెను.

విద్యాలయములు పెరుగఁగాఁ బ్రవేశపరీక్షలును బుట్టినవి. అమెరికాలో 1954లో మొదలైన యుమ్మడి పరీక్షయే నేఁడు జీమ్యాట్ అనఁబడుచున్నది. ఐ.ఐ.ఎం.లకు క్యాట్, మన రాష్ట్రకళాశాలలకు ఐసెట్ గలవు. పరీక్షాపత్రమును దిద్దువానికిఁ గనఁబడునది సంఖ్యయేగాని యింటిపేరు గాదు. “వీఁడు మనవాఁడు” అను మాట కిది గొప్ప ప్రత్యుత్తరము.

అయితే పరీక్షతోనే కథ ముగియదు. పెక్కు విద్యాలయములు పిదప ముఖాముఖి ప్రశ్నింతురు. కొన్ని, అభ్యర్థి తన్ను గూర్చి వ్యాసము వ్రాయవలయునని కోరును. కొన్ని, ఎఱిఁగినవారి లేఖలను గూడ నడుగును. ఇచ్చటనే మనవారు తొట్రుపడుచున్నారు. ఈ విషయమున మా దోషమునే మొదట నొప్పుకొందుము.

మేము కోనసీమలో నుపాధ్యాయులమై యుండఁగా, అంబాజీపేటలోని యొక కొబ్బరికాయల కొట్టు గుమాస్తా కుమారుఁడు మాకు శిష్యుఁడు. తరువాత నాతఁడు పట్టము పొంది, ప్రవేశపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొని, లేఖకై మాయొద్దకు వచ్చెను. మేము “సద్గుణసంపన్నుఁడు, కుశాగ్రబుద్ధి, వినయశీలి” యని వ్రాసియిచ్చితిమి. అంతకుమున్ను పదిమందికి వ్రాసిన మాట లవియే. ఆతఁడును దన వ్యాసమున నెవరివో పెద్దమాటలు నింపెను. ముఖాముఖిలోఁ దండ్రి వృత్తి నడుగఁగా “బిజినెస్” అని యూరకుండెనఁట. ప్రవేశము లభింపలేదు. కారణ మడుగఁగా నాతఁ డిట్లనెను: “మా నాన్నగారు కొట్టులో గుమాస్తా అని అక్కడ ఎట్లా చెప్పమంటారండీ, మాస్టారూ?”

మేము నిరుత్తరులమైతిమి. పదవయేట నుండి వేసవిసెలవులలోఁ గాయలు లెక్కపెట్టుచు, చిట్టా కూడుచు, ధర పడినపుడు సరకు నమ్మవలయునా, కురిడీకి నిలుపవలయునా యని తండ్రితో వాదించిన బాలుఁ డాతఁడు. వాణిజ్యవిద్యకు నింతకంటె నర్హత యేమి గలదు? మేమెఱిఁగియు వ్రాయలేదు, ఆతఁడెఱిఁగియుఁ జెప్పలేదు. మఱుసటియేఁడు మేము చూచినదానినే వ్రాసితిమి. ఆతఁడు తన కొట్టునే వర్ణించెను. దరఖాస్తు పెట్టిన రెండు విద్యాలయములలో నొకటి చేర్చుకొనెను. అందులకు మా లేఖయే కారణమని చెప్పుకొనము.

ఛాందోగ్యోపనిషత్తున సత్యకామ జాబాలుఁడు గౌతముని సన్నిధిఁ జేరి విద్య నర్థించెను. గురువు గోత్ర మడిగెను. బాలుఁడు తన కది తెలియదనియు, దల్లి చెప్పిన మాట యిదియనియు దాఁచక విన్నవించెను. ఆ సత్యమునకే మెచ్చి గురువు వానిని శిష్యునిగాఁ గైకొనెను. ప్రవేశమునకై పెట్టుకొన్న దరఖాస్తులలో నింతకంటె నుత్తమమైనదానిని మే మెఱుఁగము.

కావున సంఘమువారికి మా విన్నపము. విద్యార్థివేతనము లిచ్చుట మంచిదే. కాని యేఁటేఁటఁ గొందఱు పెద్దలు కూర్చుండి, ప్రతి యభ్యర్థిని దన యిల్లు, తన పొలము, తన కొట్టు గూర్చి సిగ్గుపడక చెప్పునట్లు మాటాడించుట యంతకంటె మేలు. ఆ యరుఁగుపై మన కులమువారికే గాక, వచ్చిన ప్రతి బాలునకును జోటుండవలయును. మన పూర్వుల తప్పు దిద్దుకొనుట కిది తగిన సమయము. స్వస్తి.