తడి దారికి తగ్గ బండి

మా చెల్లెలి కూతురు ఇంగ్లండులో డెవన్ అనే జిల్లాకు డాక్టరుగా వెళ్ళి ఆర్నెల్లయింది. ఒకనాటి రాత్రి ఫోన్ చేసి, "మామా, కారు కొనాలనుకుంటున్నా. ఇక్కడి పల్లె రోడ్లు మన సందుల కన్నా సన్నం. ఎప్పుడు చూసినా తడి. ఊరికే ఆస్పత్రికి పోయి వచ్చే బండి కాదు, నడుపుతుంటే సరదాగా వుండాల. ఏది కొనమంటావు?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. కర్నూలు మనిషిని పట్టుకుని తడి రోడ్ల సంగతి అడగడం, ఎండిపోయిన బావి దగ్గరికి పోయి ఈత నేర్పమన్నట్టుంది. అయితే పిల్ల తప్పు లేదు. వుద్యోగం చేసినన్నాళ్ళూ బడిలో చరిత్ర చెప్పాను. పాత బండ్ల కథలంటే చెవి కోసుకుంటాను. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

తెల్లారేసరికి ప్రొద్దుటూరు నుంచి మా చెల్లెలు ఫోను. "అన్నా, దానికి పెద్ద బండి కొనుక్కోమని చెప్పు. ఏనుగంత బండి. నా మాట వినదు, నీ మాటయితే వింటుంది." చెల్లెలు అలా ఎందుకంటున్నదో నాకు తెలుసు. అది తరువాత చెబుతాను.

ముందు తడి లెక్క చూద్దాం. లండన్‌లో ఏటా పడే వాన సగటున 600 మిల్లీమీటర్ల చిల్లర. మన కర్నూలు జిల్లాకు 670 దాకా, కడపకు 700 దాకా చెబుతారు. అంటే లెక్క ప్రకారం లండన్ వాళ్ళే మనకంటే కరువు సీమవాళ్ళు! డెవన్ సంగతి వేరనుకోండి, సముద్రపు గాలి నేరుగా తగిలే చోటు కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ. డార్ట్‌మూర్ గుట్టల మీద 2000 దాకా పోతుంది. తేడా అంతా వాన వచ్చే తీరులో వుంది. మన వాన వస్తే కొట్టేస్తుంది, పోతే మళ్ళీ మొహం చూపించదు. 2009 అక్టోబరు 2న తుంగభద్రా, హంద్రీ కలిసి కర్నూలు ఊళ్ళోకి ఎట్లా వచ్చాయో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వాళ్ళ వాన సన్నగా, తీరుబడిగా, ఏడాది పొడుగునా గొణుగుతూనే వుంటుంది. రోడ్డు ఆరే యోగం లేదు.

అలాగని మనకు తడి దారి తెలియదనడానికి వీల్లేదు. కోయిలకుంట్ల వైపో, జమ్మలమడుగు వైపో ఒక్క మంచి వాన పడ్డాక నల్లరేగడిలో నాలుగడుగులు వేసి చూడండి. చెప్పులు అక్కడే వుంటాయి, మనిషి ముందుకు పోతాడు. ఎద్దుల బండి చక్రానికి మట్టి పట్టి, పట్టి, చివరికి చక్రమే తిరగలి రాయిలా తయారవుతుంది. రోడ్లు పడకముందు ఈ సీమకు వచ్చినవాళ్ళంతా ఈ రేగడిని దాటే వుపాయం వెతుక్కున్నవాళ్ళే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి అప్పగించాక దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. తడి ఆయనకు కొత్త కాదు. ఆయన నమ్ముకున్నది గుర్రాన్నీ, డేరానూ. 1807 దాకా ఊరూరా తిరిగి శిస్తులు కట్టించాడు. గవర్నరయ్యాక మళ్ళీ ఇటే పర్యటనకు వచ్చి 1827 జూలై 6న పత్తికొండలో కలరా తగిలి పోయాడు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్ళాడు గదా, ఆయన ఎక్కింది పల్లకీ. చక్రం ఇరుక్కునే చోట బోయీల కాళ్ళు ఇరుక్కోవు. ఆ కాళ్ళ నొప్పులు ఎవరూ రాయలేదు, అది వేరే సంగతి.

మరి చక్రం కాదు, గుర్రం కాదు, ఏకంగా నీళ్ళ మీదే పోదామన్నవాళ్ళూ వున్నారు. మన కె.సి. కాలువ పుట్టింది అలాగే. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వితే పొలం తడుస్తుంది, పడవ నడుస్తుంది అని వొక ఇంగ్లీషు కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది. రైళ్ళ కన్నా పడవ కాలువలు మేలని ఆర్థర్ కాటన్ దొర వాదిస్తున్న రోజులవి. పడవల మాట అటుంచి పొలాల మీద కూడా కంపెనీకి అనుకున్నంత రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వం ఆ కాలువను తీసుకోవలసి వచ్చింది. ఇవాళ దాని గట్టు మీద మోటారు సైకిళ్ళు పోతున్నాయి గాని, దాని మీద పడవ పోయేదంటే పిల్లలు నమ్మరు.

ఇక మా ఇంటి బండి. మా నాన్న నంద్యాలలో వైద్యుడు. చుట్టుపక్కల పల్లెలకు పోయి వైద్యం చేసేవాడు. ఆయనకో స్టాండర్డ్ హెరాల్డ్ కారు వుండేది, పాతది, మద్రాసులో కొన్నాడు. ఈ హెరాల్డ్ మూలాన ఇంగ్లండులోని కవెంట్రీ బండి. ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చింది. గీతలు గీసింది మికెలోట్టి అనే ఇటలీ ఆయన. 1961 నుంచి మద్రాసు దగ్గర తయారైంది. ముందు భాగమంతా బానెట్‌తో సహా మొసలి నోరులా తెరుచుకునేది. దాని అసలు గొప్ప ఏమిటంటే 25 అడుగుల జాగాలో గిర్రున తిరిగేది. కరణం గారి అంబాసిడరు ఊరి సందులోకి పోతే మళ్ళీ వెనక్కే రావలసి వచ్చేది. మా నాన్న రచ్చబండ చుట్టూ వొక ప్రదక్షిణం చేసి వచ్చేవాడు. కరణం గారు చాలా బాధపడేవారు.

ఆ అంబాసిడరూ ఆ దేశపు చుట్టమే. అక్కడి మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో రకమే ఇక్కడ అంబాసిడర్ అయింది. 2014లో ఉత్తరపాడాలో దాని తయారీ ఆగిపోయేదాకా మన మంత్రులకూ, టాక్సీవాళ్ళకూ అదే గతి. అంటే తడిసిన సన్న దారుల కోసం అక్కడివాళ్ళు కట్టుకున్న బండ్లను మనం తెచ్చుకుని ఎండలో, దుమ్ములో అరవై ఏళ్ళు తోలామన్నమాట.

హెరాల్డ్‌కు వొక దుర్గుణం వుండేది. వెనక చక్రాల ఇరుసులు మధ్యలోంచి రెక్కల్లా వూగే రకం. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా కాలు తీశామా, వెనక చక్రం కిందికి ముడుచుకుని తోక జారేది. ఆత్మకూరు దాటి దోర్నాల దాకా నల్లమల అడవి దారి మీకు తెలిసే వుంటుంది. మనకు తెలిసిన సన్నని, తడి రోడ్డంటే శ్రావణంలో అదే. వొకసారి శ్రీశైలం పోతూ ఆ దారిలో మా బండి తోక జారింది. అమ్మ మల్లన్నను తలుచుకుంది. నాన్న మాత్రం నింపాదిగా స్టీరింగు సరిచేసి, "ముందే చెప్పింది, నేనే వినలేదు" అన్నాడు. "ఎవరు చెప్పారు?" అన్నాను. "బండి. చిన్న బండి చేతికి అన్నీ చెబుతుంది. నేల తడిగా వుందా, గరుసు వుందా, ఆకు వుందా అని. పెద్ద బండి ఏమీ చెప్పదు, పరుపు మీద కూర్చోబెట్టి తీసుకుపోతుంది." అప్పుడు నాకు పన్నెండేళ్ళు. డాక్టరు గదా, నాడి పట్టినట్టు స్టీరింగు పట్టేవాడనుకున్నాను.

హెరాల్డ్ పుట్టిన 1959లోనే, అదే దేశంలో మినీ అనే ఇంకో చిన్న బండి వచ్చింది. దాన్ని చేసిన మనిషి కథ మా మేనకోడలికి ఫోనులో గంటసేపు చెప్పాను. పేరు అలెక్ ఇసిగోనిస్. ఇంగ్లండులో పుట్టినవాడు కాదు. 1906లో స్మిర్నాలో, ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్‌లో పుట్టాడు. మనలాగే ఎండ, దుమ్ము ఎరిగినవాడు. 1922లో అక్కడ యుద్ధం ముంచుకొచ్చి కుటుంబం ఓడెక్కి మాల్టాకు పోయింది. తండ్రి అక్కడే పోయాడు. తల్లీ కొడుకూ మిగిలి ఇంగ్లండు చేరారు. చదువులో లెక్కలు మూడుసార్లు తప్పాడట. అయినా వొక సింగర్ కారు సంపాదించి, తల్లిని ఎక్కించుకుని యూరప్ అంతా తిరిగాడు. అంతటివాడికి లెక్కలెందుకు!

1948లో వచ్చిన మారిస్ మైనర్ ఆయన పనే. నమూనా బండి తయారయ్యాక కళ్ళకు సన్నగా అనిపించి, నిలువునా రెండుగా కోయించి, ముక్కలను అటూ ఇటూ జరిపించి చూశాడు. నాలుగంగుళాలు జరిగేసరికి "ఆఁ, ఇప్పుడు బాగుంది" అనిపించింది. అలాగే కట్టించాడు. ఆ బండి బానెట్ మధ్యలో కనబడే బద్దె ఆ నాలుగంగుళాలే.

1956లో సూయజ్ గొడవ వచ్చి పెట్రోలుకు రేషను పెట్టారు. తక్కువ తాగే బండి కావాలన్నారు. ఇసిగోనిస్ పదడుగుల పొడవులో నలుగురు పట్టే కారు గీశాడు. వెడల్పు నాలుగడుగుల ఏడంగుళాలు. చక్రాలు పదంగుళాలవి, మన స్కూటరు చక్రాల లాగా. ఇంజన్ను అడ్డంగా తిప్పి, గేరుపెట్టెను దాని కిందే పెట్టి, ముందు చక్రాలతోనే బండిని లాగించాడు. ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే పడుతుంది కాబట్టి తడిలో పట్టు వుంటుంది. చక్రాలు నాలుగూ నాలుగు మూలలకు తోసేశాడు, మలుపులో తూలదు. ఇవాళ మన వీధుల్లో తిరిగే చిన్నకార్లలో చాలా మటుకు ఆ అడ్డం ఇంజను సంతానమే. 1964, 65, 67ల్లో ఆ బుడ్డ బండి మాంటీ కార్లో పందెంలో మంచు కొండల మీద పెద్ద పెద్ద కార్లను వెనక్కి నెట్టింది.

ఇంతా చేసి, మొదటి మినీల్లో నీళ్ళు కారేవి. పైనుంచి కాదు, కింది నుంచి. నేల రేకులు అతికిన తీరు తిరగబడి, చక్రాలు చిమ్మిన నీళ్ళు లోపలికి వచ్చి తివాచీ నానిపోయేది. ముందే ఎందుకు తెలియలేదంటే, ఆ యేడు ఇంగ్లండులో ఎండాకాలం బాగా కాసింది. తడి దేశం కోసం చేసిన బండిని పొడి రోజుల్లో పరీక్షించి అమ్మారన్నమాట. వినగానే మా పిల్ల పగలబడి నవ్వింది. "మామా, ఆ యేడు కర్నూలు పోయి అక్కడ కూర్చుందేమో!"

ఇక చెల్లెలి సంగతి. మా బావ పోయి పదకొండేళ్ళయింది. పొలం నుంచి జీపులో వస్తున్నాడు. కార్తీక మాసం, తుపాను వాన. దారిలో వంక పారుతోంది. అవతలి గట్టున ట్రాక్టరువాళ్ళు చేతులూపి ఆగమన్నారట. "పెద్ద బండి గదా, ఏం గాదులే" అని దింపాడు. రోడ్డు మీద మోకాలికి కాస్త పైదాకా నీళ్ళు, అంతే. పారే నీళ్ళు రెండడుగులుంటే చాలా మటుకు బండ్లను, పెద్దవాటిని కూడా, లేపగలవని నేను తరువాత చదివాను. బండి ఎంత పెద్దదో అంత నీటిని తోస్తుంది, నీళ్ళూ దాన్ని అంతగా పైకి తోస్తాయి. లోపల కూర్చున్న మనిషికి చక్రం నేల విడిచిన సంగతి తెలియదు.

మా చెల్లెలికి ఈ లెక్క చెప్పే ధైర్యం నాకు పదకొండేళ్ళుగా లేదు. బండి ఇంకా పెద్దదయివుంటే ఆయన దాటేవాడని దాని నమ్మకం. ఆ నమ్మకం మీదే బిడ్డకు ఏనుగంత బండి కొనమంటున్నది. ఈసారి చెప్పక తప్పలేదు. ప్రొద్దుటూరు పోయి, భోజనాలయ్యాక, మెల్లగా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఆయనకు తెలియకుండానే అయిందంటావా?" అంది. అవునన్నాను. లేచి లోపలికి పోయింది.

చెల్లెలి మాటలో న్యాయం లేదని నేననను. చిన్నదీ పెద్దదీ ఎదురెదురుగా గుద్దుకుంటే చిన్నదానికే దెబ్బ. కాని డెవన్ సందుల్లో ఇరుపక్కలా మనిషిని మించిన మట్టికట్టలు, వాటి మీద కంపలు, చెట్లు. ఎత్తు బండి ఎక్కినా అవతల కనబడదు. కొన్ని దారుల్లో రెండు మీటర్ల వెడల్పు బండి పోతే అద్దాలకు ఆకులు తగులుతాయి. పలక మీద వేరే అంకె లేకపోతే ఆ సందుల్లో కూడా చట్టం గంటకు 60 మైళ్ళ దాకా పొమ్మంటుంది. చట్టానికేం, అది దారిలో ట్రాక్టరుకు ఎదురుపడదు.

పిల్ల మనసు మొదట రెండు సీట్ల మాజ్డా మీద వుండేది. టాపు తీసేసుకుని పోవచ్చట. ఏడాది పొడుగునా గొణిగే వానలో టాపు తీయడమెందుకో నాకు అర్థం కాలేదు. చివరకు సెకండ్‌హాండులో సుజుకి స్విఫ్ట్ కొంది, స్పోర్ట్ రకం. 1.4 లీటర్ల టర్బో ఇంజను, టన్నుకు కాస్త లోపు బరువు. సంగతి తెలిసి మా చెల్లెలు, "మన బస్టాండు కాడ టాక్సీవాళ్ళు పెట్టుకునే కారు కొనేదానికి అంత దూరం పోవల్నా!" అని నిట్టూర్చింది. నేను పిల్లకు చెప్పింది వొక్కటే, టైర్ల దగ్గర పిసినారితనం వద్దని. అక్కడి చట్టానికి టైరు గాడి 1.6 మిల్లీమీటర్లుంటే చాలు. తెలిసినవాళ్ళు 3 దగ్గరే మార్చేయమంటారు. నీటిని తోసేది ఆ గాడే. ఇంకో మాట కూడా చెప్పాను. పారే నీళ్ళు కనబడితే ఎంత సరదా బండైనా వెనక్కి తిప్పమని. "తెలుసు మామా" అంది. ఆ మాట అన్న తీరుకు నేను మళ్ళీ ఏమీ అనలేదు.

పోయిన వేసవిలో చెల్లెలు అక్కడికి వెళ్ళింది. డెవన్‌లో మట్టి ఎర్రగా వుంటుందట, అచ్చం మన ఎర్రచేల లాగా. అది చూసి దానికి ప్రాణం లేచొచ్చింది. వొకరోజు సన్న దారిలో ట్రాక్టరు ఎదురైంది. పిల్ల బండిని వెనక్కి తోలుకుంటూ పోవాలి. చెల్లెలు కారు దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, సన్నటి వానలో వెనక నిలబడి, మన ఆర్టీసీ కండక్టరులా "రానీ, రానీ, రైట్, రైట్" అని చెబుతూ వంద గజాలు నడిచిందట. ట్రాక్టరు ఆయన వాళ్ళను దాటిపోతూ స్టీరింగు మీద నుంచి వొక వేలు ఎత్తాడు.

ఆ రాత్రే నాకు ఫోను. "అన్నా, ఇంత వానలో దిగి దారిచ్చినా గూడ వేలు చూపించి పోయినాడు. తిట్టినాడంటావా?"

"కాదమ్మా, అక్కడి పల్లెల్లో దణ్ణం పెట్టడమే అది" అన్నాను.