మౌంటెన్ మెన్ బిడారు ప్రయాణాలు

19వ శతాబ్దపు పూర్వార్ధంలో ఉత్తర అమెరికాలోని రాకీ పర్వతాలలో సంచరించిన వేటగాళ్ళను మౌంటెన్ మెన్ అంటారు. వీరు బీవర్ అనే జంతువును ఉచ్చులతో పట్టి చర్మాలు సేకరించేవారు. దాని మెత్తని నూగుతో టోపీలు తయారయ్యేవి. బండ్లు పోలేని ఆ కొండదారులలో రవాణా గుర్రాలు, కంచరగాడిదలపైనే ఆధారపడింది.

చరిత్ర

1825లో విలియం ఆష్లీ సరుకులను బిడారుపై కొండలకే చేర్చి, అక్కడే చర్మాలు కొనే పద్ధతిని ప్రారంభించాడు. రాండెవూ అనబడే ఈ వేసవి సంతలో తుపాకిమందు, సీసం, కాఫీ, దుప్పట్లు మారకమయ్యేవి.

ప్రయాణ విధానం

కంచరగాడిద గుర్రం కంటే తక్కువ మేతతో ఎక్కువ శ్రమ ఓర్చుకుంటుంది. ఒక్కొక్కటి సుమారు 70-90 కిలోల బరువు మోసేది. రెండు ప్రక్కలా బరువు సమానంగా లేనిచో జీను జారి, వీపు ఒరిసి పుండ్లు పడేవి. అందుచేత ప్రతి ఉదయం మూటలను సరిచూసి కట్టేవారు. రాత్రివేళ పశువుల ముందుకాళ్ళకు బంధం వేసి కాపలా ఉండేవారు. పశువులను పోగొట్టుకొన్న వేటగాడు ఏడాది సంపాదనయైన చర్మాలను గోతిలో దాచి, కాలినడకన పోవలసివచ్చేది.

క్షీణత

బీవర్లు తగ్గిపోవడం, పట్టు టోపీల వాడుక పెరగడం వలన 1840లో చివరి రాండెవూ జరిగింది. వీరు నడిచిన సౌత్ పాస్ కనుమ మార్గం తరువాత ఆరెగాన్ వెళ్ళే వలసదారుల బండ్లకు దారి అయినది.