తాళపత్రం నేర్పిన ప్యాకింగ్

మన వేములపల్లి నుంచి 1950ల నాటి చందమామ ఒకటి అమ్మారనుకోండి. కొన్నాయన విశాఖపట్నంలో ఉన్నాడు. ఎలా పంపుతారు? కవర్లో పెట్టి, టేపేసి, పోస్టాఫీసులో ఇచ్చేస్తే అయిపోదా? కాదు. ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్దాం.

తాళపత్ర గ్రంథం ఎప్పుడైనా చూశారా? ఆకులకి రంధ్రం, అందులోంచి తాడు, పైనొక చెక్క, కిందొక చెక్క, ఆపైన గుడ్డ చుట్టేవాళ్ళు. అంటే ఆ పుస్తకం తన ప్యాకింగ్ తనే మోసుకుని తిరిగేది. చెక్కలు ఆకుల కంటే కాస్త పెద్దవైతే, దెబ్బ ముందు చెక్కకే తగులుతుంది. తాడు మరీ బిగిస్తే ఆకు విరుగుతుంది, వదులైతే ఆకులు రాసుకుంటాయి.

ఈ పుస్తకాలు దూరాలు కూడా తిరిగాయి. సి.పి. బ్రౌన్ 1830లలో లండన్ వెళ్ళినప్పుడు, ఇండియా హౌస్ లైబ్రరీలో దక్షిణాది భాషల రాతప్రతులు రెండు వేలకు పైగా పడి ఉండటం చూసి, వాటిని మద్రాసుకి తిప్పి పంపించే ఏర్పాటు చేశారు. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. అంటే అప్పట్లో సరుకు ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సిందే. నెలల తరబడి ఉప్పుగాలి, తేమ. ఒక్కటి పాడైనా దానికి ఇంకో కాపీ ఉంటుందన్న గ్యారంటీ లేదు.

తర్వాత అచ్చు వచ్చింది. 1877లో మన తపాలా శాఖ వీపీపీ మొదలుపెట్టింది: పుస్తకం ఇంటికొచ్చాకే డబ్బు కట్టొచ్చు. ఊళ్ళో పుస్తకాల షాపు లేకపోయినా పుస్తకం వచ్చేది. ఇంకోటి బుక్ పోస్టు. చార్జీ తక్కువ, కానీ ఒక షరతు ఉండేది: లోపల ఉత్తరం దాచలేదని పోస్టాఫీసువాళ్ళు చూసుకునేలా కట్ట కొసలు తెరిచి ఉంచాలి. చదువుకునే పుస్తకానికి అది మంచి బేరమే. కాకపోతే ఆ చౌకకి మూల్యం అట్టమూలలు కట్టాయి. తాళపత్రానికి ఉన్న రెండు చెక్కలు అచ్చు పుస్తకానికి లేవు కదా!

సేకరణకి కొనేవాళ్ళకి ఆ మూలే ముఖ్యం. అందుకే ఆ రెండు చెక్కలు మనమే తిరిగి ఇవ్వాలి. ముందు శుభ్రమైన తెల్లకాగితం చుట్టండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. తర్వాత తడి తగలకుండా ప్లాస్టిక్ కవర్. పైనా కిందా గట్టి అట్టలు, పుస్తకం కంటే అన్ని వైపులా వేలెడు పెద్దవి. టేపు అట్టకి తప్ప పుస్తకానికి తగలకూడదు. రబ్బరుబ్యాండు అసలే వద్దు, అంచులు కోస్తుంది. దానిమీద బబుల్ ర్యాప్, ఆపైన పెట్టె. మూసి ఊపి చూడండి. లోపల కదిలితే, ఖాళీల్లో కాగితం ఉండలు కుక్కండి.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు నెట్‌వర్క్‌లో డేటా ప్యాకెట్ పోతే ఇబ్బంది ఉండేది కాదు, సిస్టమ్ మళ్ళీ పంపేది. పాత పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. డబ్బు వాపసు ఇవ్వగలం, 1950ల కాగితాన్ని ఇవ్వలేం. ఇరవై రూపాయల అట్ట దగ్గర మాత్రం పిసినారితనం చూపించకండి.

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.