గాలి, నీరు, ఆపై నూనె

విద్యుత్ మోటారుకు వేడి పుట్టుశత్రువు. రాగి చుట్టలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. చుట్టల మీది ఇన్సులేషన్ మాడిందా, మోటారు కాలిపోయినట్టే.

1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ అమెరికాలోని రిచ్‌మండ్‌లో ట్రాములు నడిపినప్పుడే ఈ చిక్కు ఉంది. మోటార్లు బండి అడుగున, చక్రాల దగ్గర ఉండేవి. మూత బిగిస్తే వేడి లోపలే ఉండిపోతుంది, తెరిచి ఉంచితే దుమ్మూ బురదా చేరతాయి.

రైలింజన్లు దీనికి బ్లోయర్లతో జవాబు చెప్పాయి. విజయవాడ స్టేషన్‌లో కదలకుండా ఆగి ఉన్న కరెంటు ఇంజన్ పక్కన నిలబడండి. చెవులు హోరెత్తించే ఆ చప్పుడులో పెద్ద వాటా మోటార్లకూ ఇతర పరికరాలకూ గాలి కొట్టే ఆ బ్లోయర్లదే.

కార్లలో కథ వేగంగా మారింది. 2008 నాటి టెస్లా రోడ్‌స్టర్ మోటారుకు గాలే దిక్కు. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ మోటారు చుట్టూ నీళ్లు తిప్పింది. 2012లో టెస్లా మోడల్ ఎస్ ఇంకో అడుగు వేసి, తిరిగే ఇరుసు లోపలికే చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్‌ను) పంపింది.

అయితే నీటికి కరెంటుతో పొత్తు కుదరదు, చుట్టలను నేరుగా తాకనివ్వలేం. నూనెకు ఆ భయం లేదు. అందుకే 2017 నాటి మోడల్ 3లో పంపు, ఫిల్టరు పెట్టి మోటారు లోపలే నూనె పారించారు. ఆ నూనె వేడిని మళ్లీ కూలెంట్ మోసుకుపోతుంది.

మన వీధుల్లోని చాలా విద్యుత్ స్కూటర్ల మోటార్లు మాత్రం నేటికీ ఎదురుగాలితోనే చల్లబడుతున్నాయి.