స్వరస్థానాల సంఖ్య, శ్రుతి దోషం

స్థిరమైన మెట్లున్న వాద్యంపై సహజ స్వర నిష్పత్తులన్నిటినీ ఒకేసారి నిలపడం సాధ్యం కాదు. మెట్లు పెంచితే సాధారణంగా దోషం తగ్గుతుంది, వాదనం మాత్రం కష్టమవుతుంది.

ఈ చిక్కును కొండవీటి రామామాత్యుడు అళియ రామరాయల ఆదరణలో 1550లో రచించిన సంస్కృత గ్రంథం ‘స్వరమేళకళానిధి’లో పరిష్కరించాడు. శుద్ధ స్వరాలు 7, వికృత స్వరాలు 7 అని చెప్పి, వీణపై అంతర గాంధారానికి చ్యుతమధ్యమ గాంధారాన్ని, కాకలి నిషాదానికి చ్యుతషడ్జ నిషాదాన్ని ప్రతినిధులుగా అంగీకరించాడు. ఒక్కో జంటలో తేడా ఒక్క శ్రుతే. దాంతో స్థాయికి 12 స్థానాలు చాలాయి; రాగాలను వర్గీకరించే 20 మేళాలు 15కు తగ్గాయి. వైణికుల చేతికి ఇంత మేలు చేసిన శాస్త్ర నిర్ణయాలు అరుదు.

స్థాయిని 1200 సెంట్లుగా కొలిస్తే 5:4 నిష్పత్తి గల గాంధారం 386.3 వద్ద, 3:2 నిష్పత్తి గల పంచమం 702 వద్ద ఉంటాయి. 12 సమభాగాల్లో పంచమం 2 సెంట్లే తగ్గినా గాంధారం 13.7 సెంట్లు హెచ్చుతుంది. 22 సమభాగాల్లో గాంధార దోషం 4.5కు దిగినా పంచమ దోషం 7.1కు పెరుగుతుంది. కనుక మన సంప్రదాయం స్థాయికి చెప్పే 22 శ్రుతులను సమభాగాలుగా భావించడం పొరపాటు. 31 భాగాల్లో గాంధారం దాదాపు సరిపోతుంది, పంచమం 5.2 తగ్గుతుంది. 53 భాగాల్లో రెండూ చక్కగా కుదురుతాయి, కానీ అన్ని మెట్లపై వేళ్లు ఆడవు.

నేటి సరస్వతీ వీణకు మైనంలో అమర్చిన 24 మెట్లుంటాయి. మిగిలే దోషాన్ని వైణికులు తీగను పక్కకు లాగి సవరిస్తారు. ఆ వీలు లేని హార్మోనియంను ఆకాశవాణి 1940లో నిషేధించింది.