వలస రిజిస్టరులో కులం గడి

మిత్రులారా, కూలి ఓడల గురించి రాస్తున్న ఈ వరుసలో గత భాగం చదివి చాలామంది ఒకటే అడిగారు. నూట యాభై ఏళ్ళ కింద సముద్రం దాటినవాళ్ళ వారసులకి ఆ పాత కాగితాలతో ఇప్పుడేం పని అని. పని ఉంది. 2024 మార్చిలో మన ప్రభుత్వం మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం వరకూ ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించింది. మామూలుగా చట్టం మునిమనవళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

పేరులో సిటిజన్ అనే మాట ఉన్నా అది పూర్తి పౌరసత్వం కాదు. ఓటు లేదు. జీవితాంతం వీసా లేకుండా వచ్చిపోవచ్చు, ఉండిపోవచ్చు కూడా. సాగు భూమి మాత్రం కొనకూడదు, వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. సెంటు భూమి లేకే ఓడెక్కినవాడి వారసులకి ఏ పొలం వస్తుందో చట్టం రాసినవాళ్ళే చెప్పాలి.

మారిషస్ నుంచి ఆరో తరం అమ్మాయి ఒకామె నన్ను సాయం అడిగింది. ఆమె తన పుట్టిన సర్టిఫికెట్‌తో మొదలుపెట్టి తల్లి పెళ్ళి కాగితం, అమ్మమ్మది, ఆ పైవాళ్ళది, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కింది. పైకి పోయేకొద్దీ పేర్లు మారిపోతాయి. మన అప్పయ్యని అక్కడి గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు, ఆ ఒంటి పేరే తర్వాతి తరాలకి ఇంటిపేరయింది. పేరు మారినా మారనిది వలస నంబరు. పాత సర్టిఫికెట్లో ఆ నంబరు దొరికాక, మోకాలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్న వలస రిజిస్టర్లలో మనిషి దొరికాడు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, జిల్లా, ఊరు, కులం. పాసు మీద ఫొటో కూడా ఉంది. 1867 చట్టం ప్రకారం కాంట్రాక్టు ముగిసిన కూలీ ఫొటో పాసు దగ్గర పెట్టుకునే తిరగాలి, లేకపోతే పోలీసులు పట్టుకెళ్ళేవాళ్ళు. కాపలా కోసం తీసిన ఫొటోలోనే ఆమె తన తాతల తాతని మొదటిసారి చూసింది.

ఆమె అడిగిన సాయం ఇదీ. కులం గడిలో 'పరియా' అని ఉంది. ఇంట్లో పెద్దలేమో 'మనం నాయుళ్ళం' అంటారు. ఆ గడి మీద చీటీ పెట్టి జిరాక్స్ తీయించమంటున్నారు. ఏం చేయాలి?

నేను ముందు ఆ గుమాస్తా సంగతి చెప్పాను. నటాల్ వెళ్ళిన ఓడల జాబితాలు చూడండి. కులం గడిలో 'జెంటూ' అనీ 'మలబార్' అనీ రాసుంటుంది. అవి కులాలే కావు. జెంటూ అంటే తెలుగువాడు, మలబార్ అంటే ఎక్కువగా తమిళుడు. అలాంటి చేత్తోనే తెలుగు జిల్లాల అంటరానివాళ్ళకి కూడా ఒక తమిళ కులం పేరు తగిలించారు. కాబట్టి ఆయన మాలో మాదిగో ఆ మాటని బట్టి చెప్పలేం. ఊరు దొరికితే, ఆ ఊరి పల్లె, గూడెం చెప్పాలి.

నాయుడు అని చెప్పుకోవడం మీద నాకు కోపం లేదు. సముద్రం అవతల కరణం లేడు, మునసబు లేడు, ఎవరి పక్కన కూర్చోవాలో చెప్పేవాడు లేడు. ఆ సందులో తలెత్తుకున్నారు. కానీ ఇప్పుడు చీటీ పెట్టి కప్పితే కప్పబడేది కులం ఒక్కటే కాదు, ఆ మనిషి ఓడ ఎందుకెక్కాడన్నది కూడా. 'చెల్లీ, ఆ గడి నీకు సిగ్గు కాదు, రాసినవాడికి సిగ్గు' అన్నాను.

ఇక్కడే ఉండిపోయిన మన సంగతి చూడండి. డైగ్లాట్, అడంగల్ అన్నీ భూమి ఉన్నవాడి పుస్తకాలు. ఊరి వెట్టికో తోటికో ఇచ్చిన ఇనాం ముక్క ఉంటే ఇనాం రిజిస్టరులో మనోడి పేరు తగలొచ్చు. క్రైస్తవంలోకి వెళ్ళిన మాదిగలకి చర్చి పుస్తకాలున్నాయి. ఒంగోలు మిషన్‌లో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ఇంట్లో ఈ రెండూ లేవు. మా తాత పేరు నాకు దొరికిన మొదటి సర్కారు కాగితం తొలి సార్వత్రిక ఎన్నికల ఓటర్ల జాబితా. అంతకుముందు ఆస్తో, పన్నో, చదువో ఉంటేనే ఓటు. ఆయన తండ్రి పేరు మా నాయనమ్మ నోటి మాట, అంతే.

ఇప్పుడు అస్సాం గుర్తు చేసుకోండి. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందటి కాగితంలో నువ్వో నీ పూర్వీకుడో ఉన్నట్టు చూపించమన్నారు. 2019 ఆగస్టు 31న వచ్చిన జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. ఒకచోట తాత కాగితం ఏడో తరానికి తలుపు తీస్తోంది, ఇంకోచోట అదే లేక ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. మన పల్లెల్లో అలాంటి కాగితం అడిగితే ఎన్ని ఇళ్ళు చూపించగలవో మీరే లెక్కేసుకోండి.

ఆ చెల్లి గడి కప్పకుండానే దరఖాస్తు పెట్టింది. కార్డు ఇంకా రాలేదు. ఊరు వెతకడం ఇప్పుడు నా పని. రిజిస్టరులో జిల్లా రాజమండ్రి అని ఉంది. 1859లో అది గోదావరి జిల్లా అయింది, తర్వాత ఎన్ని ముక్కలైందో మీకు తెలుసు. ఆ పేరు గల ఊళ్ళు ఇప్పుడు రెండున్నాయి, ఒకటి మెట్టలో, ఒకటి లంకల వైపు. గోదావరి జిల్లాల విద్యార్థులు ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు పల్లెలో పెద్దవాళ్ళని అడగండి, ఓడెక్కిపోయి తిరిగిరాని మనిషి కథ ఏ ఇంట్లోనైనా ఉందా అని. ఉంటే రాసుకుని నాకు పంపండి.

జై భీమ్.